అంట, అపరెంట్లీ, నేను

మా ఇంట్లో బీరువా అడుగు అరలో రెండు కేసెట్లున్నాయి. 1998 సంక్రాంతి సెలవులకి నర్మెట్ట వెళ్లినప్పుడు మా నాయినమ్మతో మాట్లాడించి నింపుకొచ్చినవి. అప్పుడు నేను హైదరాబాదులో ఎం.ఫిల్. చేస్తున్నాను. తెలంగాణా రైతాంగ పోరాట కాలంలో మా వైపు ఊళ్లలో ఆడవాళ్లు చేసిన వెట్టి గురించి ఇంగ్లీషులో ఒక సెమినార్ పత్రం రాయాలి. అందరూ పుస్తకాలు ముందేసుకుని రాస్తున్నారు, నాకు మాత్రం ఇంట్లోనే ఒక మనిషి ఉంది కదా అని గర్వంగా ఉండేది. టేప్ రికార్డర్ అరువు తెచ్చుకున్నాను. నాయినమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతూ చెప్పింది. ఇప్పటికీ ఆ కేసెట్లలో ఆమె మాట వెనక చేట చప్పుడు వినిపిస్తుంది.

నా పత్రంలో ఒక వాక్యం ఇలా ఉండేది: ‘అపరెంట్లీ, ఒక స్త్రీని గడీలో మూడు రోజులు నిర్బంధించి కొట్టారు.’

మొదటి చిత్తుప్రతిలో ఆ అపరెంట్లీ లేదు. పత్రం చదివిపెట్టిన అధ్యాపకులొకరు అంచులో పెన్సిల్‌తో రాశారు, ఇది మౌఖిక ఆధారం, జాగ్రత్త పడాలని. ఎలా జాగ్రత్తపడాలని అడిగితే అపరెంట్లీ చేర్చమన్నారు. చేర్చాను. అదే పేజీలో కింద, ఒక దొరకున్న భూముల విస్తీర్ణం గురించి రెవెన్యూ రికార్డు నుంచి తీసుకున్న వాక్యం ఉంది. దాని ముందు ‘ఎవిడెంట్లీ’ అని నేనే రాసుకున్నాను. దానికి ఎవరూ పెన్సిల్ పెట్టలేదు. రెండు వాక్యాలూ ఒకే పేజీలో నాలుగంగుళాల దూరంలో ఉన్నాయి. ఒకటి మా నాయినమ్మ చెప్పింది, ఇంకొకటి పట్వారీ రాసింది. మా నాయినమ్మకేమో ‘అలా అనిపిస్తోంది’, పట్వారీకేమో ‘స్పష్టంగా కనిపిస్తోంది’.

అప్పుడు నాకందులో తప్పేమీ కనిపించలేదు. పత్రానికి మంచి మార్కులే వచ్చాయి. ఈ వ్యాసం ఆ రెండు మాటల గురించి, వాటి చుట్టాల గురించి. ఆబ్వియస్లీ, క్లియర్లీ, అన్‌డౌటెడ్లీ, ప్రిజ్యూమబ్లీ. చరిత్ర రాసేవాళ్ల చేతిలో ఇవి ఉప్పులాంటివి. ఎంత వేశామో పైకి కనిపించదు, కానీ రుచి నిర్ణయించేది అదే.

*

అపరెంట్లీ అనే మాట కథ విచిత్రమైనది. లాటిన్‌లో కనబడటం అనే క్రియ దాని తల్లి. ఇంగ్లీషులో అది మొదట ‘బాహాటంగా, కళ్లకు కనిపించేలా’ అనే అర్థంలో ఉండేది. రానురాను ‘చూడబోతే అలాగే ఉంది, లోపల ఏముందో మరి’ అనే అర్థంలోకి జారింది. కనిపించటం అనే ఒక్క మాటే ఒకప్పుడు రుజువు, తర్వాత అనుమానం. పాత అర్థం ఒకటి రెండు చోట్ల ఇంకా గట్టిగా అతుక్కుని ఉంది. రాచరికంలో ‘హెయిర్ అపరెంట్’ అంటే ఎవరొచ్చినా హక్కు పోని వారసుడు. ‘హెయిర్ ప్రిజంప్టివ్’ అంటే ప్రస్తుతానికి వారసురాలనుకోవచ్చు, ఇంకా దగ్గరి హక్కుదారు పుడితే పోతుంది. రెండవ ఎలిజబెత్ 1952లో రాణి అయ్యేదాకా హెయిర్ ప్రిజంప్టివ్‌గానే ఉంది. తండ్రి బతికున్నంతకాలం ఒక కొడుకు పుట్టవచ్చుననే ఊహకు చోటు వదిలిపెట్టాలి కాబట్టి! పుట్టి, పెరిగి, కళ్లెదుట తిరుగుతున్న కూతురు ‘అనుకోలు’, ఇంకా పుట్టని కొడుకు ఒక ‘అవకాశం’. ఆ దేశంలో 2013లో చట్టం చేసేదాకా కొడుకు ముందు, కూతురు తర్వాత అనే పద్ధతి పోలేదు. ఇది చదివినప్పుడు మా ఊళ్లో ‘ఆడపిల్ల అంటే ఆడి పిల్లే గాని ఈడి పిల్ల గాదు’ అనే మాట గుర్తొచ్చింది. కోటలో అయినా పెంకుటింట్లో అయినా లెక్క ఒకటే.

ఎవిడెంట్లీ కూడా చూపు నుంచి పుట్టిన మాటే. ఆబ్వియస్లీ మాత్రం దారి నుంచి వచ్చింది. దారిలో ఎదురుపడేది, అడ్డుగా నిలబడేది ‘ఆబ్వియస్’. ఈ వ్యుత్పత్తి తెలిశాక నాకు ఆ మాట వాడాలంటే కాళ్లు ఆగిపోతాయి. ఎవరి దారిలో ఎదురుపడింది? మా వైపు గడీ ముందు నుంచి పోవాలంటే కింది కులాలవాళ్లు చెప్పులు చేతబట్టుకుని పోవాలి. మేనాలో పోయే దొరకు ఆ దారిలో కనిపించేదీ, ఆ మేనాను మోసే బోయీలకు కనిపించేదీ ఒకటెలా అవుతుంది? ‘ఆబ్వియస్లీ’ అన్న ప్రతిసారీ మనం ఎవరో ఒకరి దారిని అందరి దారిగా చేస్తున్నాం.

ఇంకొకటి కూడా గమనించాను, నా రాతల్లోనే. ఆధారం చేతిలో ఉన్నచోట నేను ఈ మాటలు వాడను. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు చనిపోయాడు అని రాస్తానే గానీ నిస్సందేహంగా చనిపోయాడు అని రాయను. అన్‌డౌటెడ్లీ అని నా కలం నుంచి వచ్చిందంటే అక్కడ నాకే ఎక్కడో సందేహం ఉందన్నమాట. గోడలో పగులున్న చోట సున్నం ఇంకో పూత ఎక్కువ వేసినట్టు.

*

ఇప్పుడు తెలుగుకు వద్దాం. మనకు ‘అట’ ఉంది. మా జనగామ వైపు నోట్లో అది ‘అంట’. ఈ చిన్న మాట చేసే పని ఏమిటంటే, చెప్పేది నేను చూడలేదు, విన్నాను అని తెలియజేయటం. జరిగిందో లేదో అనే తీర్పు అందులో లేదు, విషయం ఏ తోవలో నా దాకా వచ్చిందో అంతవరకే చెబుతుంది. భాషాశాస్త్రంలో దీనిమీద పెద్ద పరిశోధనే ఉంది. అలెగ్జాండ్రా ఐఖెన్‌వాల్డ్ 2004లో ఒక పుస్తకమే రాశారు. అమెజాన్ ప్రాంతపు తరియానా భాషలో మాట్లాడాలంటే ప్రతి వాక్యానికీ ఎలా తెలిసిందో క్రియలోనే చెప్పితీరాలి. కళ్లతో చూశావా, చెవితో విన్నావా, జాడను బట్టి పోల్చుకున్నావా, లోకజ్ఞానం వల్ల అనుకున్నావా, ఎవరైనా చెప్పారా అని అయిదు రకాలు. ఏదీ చెప్పకుండా తప్పించుకోవటం కుదరదు. తెలుగులో అంత నిర్బంధం లేదు. కానీ మా నాయినమ్మ లాంటివాళ్లు దాన్ని నిర్బంధంగానే పాటించారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అపరెంట్లీకి ‘అట’ సమానమని అనువాదకులం అనుకుంటాం. నిఘంటువులో పక్కపక్కనే ఉండొచ్చు కూడా. అయితే ‘కొట్టిన్రంట’ అన్నప్పుడు చెప్పే మనిషి తన చూపుకున్న హద్దు చెబుతోంది. అపరెంట్లీ అన్నప్పుడు రాసే మనిషి చెప్పినామె నమ్మకానికి హద్దు గీస్తోంది. మొదటిదాంట్లో ఆమె తన గురించి చెప్పుకుంటోంది, రెండోదాంట్లో నేను ఆమె గురించి చెబుతున్నాను. అధికారం ఆ మధ్యలో చేతులు మారింది.

అలాగని మన ‘అంట’ను పూజగదిలో పెట్టనవసరం లేదు. ఊరికి ఊరే దీన్ని ఆడవాళ్ల మీదికి వదలగలదు. ‘ఆమె అసొంటిదంట’ అనే మాటకు ఒక మనిషి అంటూ ఉండరు, అది ఎవరూ జవాబు చెప్పనక్కర్లేని మాట. మా చిన్నప్పుడు నర్మెట్టలో భర్త వదిలేసిన ఒకావిడ ఊరు విడిచి వెళ్లిపోయేదాకా ఆమె వెనక నడిచింది ఆ ‘అంట’ ఒక్కటే. దెప్పటానికీ పనికొస్తుంది, ‘పెద్ద చదువంట!’ అని నన్ను అన్నట్టు. కాబట్టి తెలుగు మంచిది, ఇంగ్లీషు చెడ్డదని నేననటం లేదు. ఏ భాషలోనైనా ఆ మాటను ఎవరు ఎవరి మీద వాడుతున్నారన్నదే నా ప్రశ్న.

పైగా ఇప్పుడు తెలుగులోనూ ఇంగ్లీషు క్రియావిశేషణాలే రాజ్యమేలుతున్నాయి. స్పష్టంగా, నిస్సందేహంగా, సహజంగానే, నిర్వివాదంగా. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో, మన వ్యాసాల్లో కూడా. ఉద్యమాల చరిత్రల్లో ‘సహజంగానే’ అనే మాట ఎక్కడెక్కడ వస్తుందో చూడండి. నాయకత్వంలో స్త్రీలు తక్కువెందుకున్నారో చెప్పాల్సిన చోట తరచుగా అది ఎదురవుతుంది. కారణం వెతకాల్సిన చోట కారణం బదులు ఆ మాట కూర్చుంటుంది.

*

రికార్డు అంటే ఏమిటి? ఈ ప్రశ్న నేను 1998లో వేసుకోలేదు. మా నాయినమ్మ ‘అంట’ను అనుమానించమన్నప్పుడు పట్వారీ పహాణీ కూడా ‘అంట’యేనని నాకు తట్టలేదు. పట్వారీ ప్రతి చెలకలో నిలబడి చూసి రాశాడా? గడీలో కూర్చుని, దొర చెబితే రాసింది ఎంత? పేరొకరిది, చెమట ఒకరిది అయిన భూములెన్ని? నిజాం కాలం నుంచి వచ్చిన ఆ పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయ్యేదాకా ఊళ్లలో ఏది నిజమో నిర్ణయించింది ఆ పుస్తకమే. అందులో ఉన్నది కూడా ఎవరో ఒకరు ఇంకొకరికి చెప్పిందే. తేడా ఎక్కడొచ్చిందంటే, రాతలోకి ఎక్కగానే ‘అంట’ రాలిపోయింది. చెప్పినవాడు మాయమై, చెప్పింది మాత్రం వాస్తవంగా మిగిలింది.

పాలకుర్తి చాకలి అయిలమ్మ విషయమే తీసుకుందాం. నర్మెట్టా, పాలకుర్తీ ఇప్పుడు ఒకే జనగామ జిల్లాలో ఉన్నాయి. 2016కు ముందు వరంగల్, 1953కు ముందు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. పాత కాగితాల కోసం మూడు చోట్ల తిరగాలి. అయిలమ్మ కౌలుకు తీసుకున్న భూమిని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి లాక్కోబోతే ఆమె ఎదురు నిలబడింది, సంఘం అండతో పంటను ఇంటికి చేర్చుకుంది. ఇంతవరకూ తెలిసిన విషయమే. ఆమె 1985లో చనిపోయింది. మరి ఎప్పుడు పుట్టింది? కొందరు 1895 అంటారు, కొందరు 1919 అంటారు. ఇరవై నాలుగేళ్ల తేడా! దేశ్‌ముఖ్‌తో తలపడిననాటికి ఆమె పాతికేళ్లు దాటిన పడుచా, యాభై ఏళ్ల పెద్దమనిషా? రెండు సంవత్సరాలనూ రాసేవాళ్లు తడుముకోకుండా రాస్తారు. ఇప్పుడు సెప్టెంబర్ 26న జయంతి జరుగుతోంది, 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషమే. కానీ చాకలి కులంలో పుట్టిన ఆడపిల్ల పుట్టుకను ఆనాడు రాసిపెట్టుకున్నవాళ్లెవరూ లేరన్నది కూడా చరిత్రే. దాన్ని ఒక తేదీతో పూడ్చేస్తే ఆ లేమి మనకు కనిపించకుండా పోతుంది. మా నాయినమ్మను ఎప్పుడు పుట్టావంటే, ‘పెద్ద వానలు వడ్డ ఏడంట’ అనేది. తన పుట్టుకను తాను చూడలేదు కదా, అక్కడా ‘అంట’ వేసింది!

*

ఈ మాటల బరువు పుస్తకాల్లో కన్నా కోర్టుల్లో ఆడవాళ్లకు ఎక్కువ తెలుసు. 1872 నాటి భారత సాక్ష్య చట్టాన్ని రూపొందించింది జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. వర్జీనియా ఉల్ఫ్‌కు స్వయానా పెదనాన్న. చూసిన విషయమైతే చూసినవాళ్లే చెప్పాలి, విన్న విషయమైతే విన్నవాళ్లే చెప్పాలి అన్నది అందులో ఒక మూలసూత్రం. మా నాయినమ్మకు చెబితే, ‘ఇందుల కొత్తేమున్నది?’ అని ఉండేది. కోర్టు ఏది ఎంతవరకు నమ్మవచ్చో కూడా అందులో మెట్లు మెట్లుగా ఉంది. కోర్టు అనుకోవచ్చు, కోర్టు అనుకుని తీరాలి, ఇక తిరుగులేని రుజువు అని మూడు మెట్లు.

1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద అత్యాచారం జరిగింది. కింది కోర్టు పోలీసులను వదిలేసింది. హైకోర్టు, లొంగిపోవటం వేరు సమ్మతి వేరు అని చెప్పి 1976లో శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు మళ్లీ వదిలేసింది. ఒంటిమీద గాయాలు లేవు, కాబట్టి ప్రతిఘటించలేదు, కాబట్టి సమ్మతే. ఈ ‘కాబట్టి’ల వరసలో ఆమె చెప్పింది ఎక్కడా నిలబడలేదు. రాత్రిపూట ఠాణాలో ఇద్దరు పోలీసుల మధ్య ఉన్న అమ్మాయికి ఏది సాధ్యమో ఆలోచించకుండానే అంతా స్పష్టమైపోయింది. ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో సుప్రీంకోర్టుకు రాసిన బహిరంగ లేఖ ఈ స్పష్టతనే ప్రశ్నించింది.

మన హైదరాబాదులో 1978 మార్చిలో రమీజాబీ మీద నల్లకుంట పోలీసు స్టేషన్‌లో అత్యాచారం జరిగింది. అడ్డుకోబోయిన ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులది తప్పని తేల్చింది. అయినా కేసు రాయచూరుకు బదిలీ అయి, 1981లో నిందితులు విడుదలయ్యారు. ఆ విచారణ పొడుగునా ఆమె ఎటువంటి మనిషి అన్నదానిమీద నడిచిన వాదన మనందరికీ తెలిసిందే. ‘అసొంటిదంట’ అనే ఊరిమాట అక్కడ నల్లకోటు వేసుకుంది.

ఉద్యమాల ఒత్తిడి మీద 1983లో చట్టం మారింది. నిర్బంధంలో ఉన్న స్త్రీ తనకు సమ్మతి లేదని చెబితే, కోర్టు లేదనే అనుకుని తీరాలి అన్న కొత్త సెక్షన్ వచ్చింది. ఇప్పుడు పాత సాక్ష్య చట్టం పోయి 2024 జులై 1 నుంచి కొత్తది అమల్లోకి వచ్చినా ఆ సూత్రం అందులోనూ కొనసాగింది. స్త్రీ వాంగ్మూలం బాధితురాలి గుణాన్ని బట్టి తూచటానికి వీలిచ్చిన పాత క్లాజు 2003లో పోయింది. స్త్రీల ఉద్యమం సాధించిన వాటిలో దీనికి నేను చాలా పెద్ద పీట వేస్తాను. అంతదాకా ఆమె మాట ముందు కూర్చున్న అపరెంట్లీని లేపి, అవతలి పక్షానికి పంపించటం అది. ఇక మీరే రుజువు చేసుకోండి అన్నారు.

*

ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన, ఠాణాల ముందు నినాదాలిచ్చిన గొంతులతోనే, తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ ఊళ్లకు పోయింది. అయిలమ్మ, ఖిలాషాపూర్ దూడల సాలమ్మ, మల్లు స్వరాజ్యం, కొండపల్లి కోటేశ్వరమ్మ ఇంకా ఎందరితోనో మాట్లాడించింది. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది. 1989లో ఇంగ్లీషు పుస్తకం వచ్చింది, ‘వుయ్ వర్ మేకింగ్ హిస్టరీ’ అనే పేరుతో.

ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చాలాకాలం చూశాను. తెలుగు పేరు మనకు తెలియదు అంటోంది. ఇంగ్లీషు పేరు మేం చరిత్ర సృష్టిస్తూ ఉన్నాం అంటోంది. మొదటిది వినటానికి వెళ్లినవాళ్ల గొంతు, తమ అజ్ఞానాన్ని ఒప్పుకుంటున్న గొంతు. రెండోది చెప్పినవాళ్ల పక్షాన నిలబడ్డ ధీమా. లోకమంతా చదివే భాషలో ఆ ధీమా అవసరమే, కాదనను. కానీ మన పనికి రెండూ కావాలి. చెప్పేవాళ్లకు ధీమా, రాసేవాళ్లకు తెలియనితనం. నేను 1998లో చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. తెలియనితనాన్ని నాయినమ్మకు అంటగట్టి ధీమా నేను తీసుకున్నాను.

పోరాటం గురించి సుందరయ్య గారు 1972లో పెద్ద గ్రంథం రాశారు. అందులో స్త్రీల త్యాగాలున్నాయి, పేర్లున్నాయి, మెచ్చుకోలుంది. రణజిత్ గుహ 1996లో అచ్చయిన ‘ద స్మాల్ వాయిస్ ఆఫ్ హిస్టరీ’ అనే వ్యాసంలో ఆ గ్రంథాన్నీ స్త్రీల కథనాలనూ కలిపి చదివారు. ఉద్యమం లోపల స్త్రీలు పడ్డ నొప్పి, ఎదుర్కొన్న వేధింపు, వాళ్ల నిరాశ ఆ కథనాల్లో కింది స్వరంలో వినిపిస్తున్నాయనీ, పెద్ద కథ చెప్పే చరిత్ర దాన్ని వినలేదనీ ఆయన అన్నారు. మా నాయినమ్మ పోరాటంలో లేదు. దళంలో తిరగలేదు, కొరియర్ కాదు. గడీ వాకిలి ఊడ్చి, వడ్లు దంచి, పిడకలు చేసిన మనిషి. ఆమెది ఇంకా కింది స్వరం.

*

ఇక నా సంగతి. రాబిన్ లేకాఫ్ 1970ల్లో, ఆడవాళ్లు ‘ఏమో, అనుకుంటా, కదా’ లాంటి మాటలు ఎక్కువ వాడతారు, దానివల్ల బలహీనంగా వినిపిస్తారు అని రాసింది. 1980లో ఓబార్, అట్కిన్స్ అనే ఇద్దరు అమెరికాలో కోర్టు సాక్షులను గమనించి, ఇది ఆడా మగా తేడా కన్నా అధికారం ఉన్నా లేకపోయినా వచ్చే తేడా అని చూపించారు. కింద నిలబడ్డవాళ్లు ఎవరైనా అలాగే మాట్లాడతారని.

నేను లేకాఫ్‌ను చదివాక భయపడ్డాను. నర్మెట్ట నుంచి వచ్చి, తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, ఎ.సి. సెమినార్ హాల్లో మైకు ముందు నిలబడ్డ నాకు ‘ఏమో’ అనే స్థోమత ఎక్కడిది? అందుకని కవచం తొడుక్కున్నాను. ‘ఆబ్వియస్లీ’తో మొదలుపెట్టి ‘అన్‌డౌటెడ్లీ’తో ముగించటం నేర్చుకున్నాను. అలా మాట్లాడితే ఎదుటివాళ్లు ప్రశ్నలు తక్కువ వేసేవాళ్లు. మీలో చాలామందికి ఇది తెలిసే ఉంటుంది. మన తరంలో మొదటిసారిగా ఇంగ్లీషులో రాసిన ఆడవాళ్ల వ్యాసాలు తీసి చూస్తే ఆ మాటలు ఎంత గట్టిగా నిలబడి ఉంటాయో! వాటిని ఎగతాళి చేయలేను. గొంతు వణకకుండా ఉండటానికి పట్టుకున్న గోడ అది. కాకపోతే ఆ గోడకు అవతల మా నాయినమ్మ మిగిలిపోయింది.

ఇప్పుడు నేను పాఠం చెప్పే డిగ్రీ కాలేజీలో అమ్మాయిలు వ్యాసం తెచ్చినప్పుడు క్లియర్లీ అని ఉన్నచోట ఆపుతాను. ‘ఎవరికి క్లియర్? ఎలా తెలిసింది?’ అని అడుగుతాను. మొదట చిన్నబుచ్చుకుంటారు. తర్వాత కొందరు ఆ మాట కొట్టేసి, ‘మా అమ్మ చెప్పింది’, ‘నేను బస్‌స్టాండ్‌లో చూశాను’ అని రాసుకొస్తారు. వాక్యం పొడుగవుతుంది, కొంచెం ఊరిదిగా కూడా అవుతుంది. కానీ అందులో మనిషి ఉంటుంది.

*

నాయినమ్మ 2004లో పోయింది. కేసెట్లు మళ్లీ వినటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. టేప్ రికార్డర్లు బాగు చేసేవాళ్లు కూడా కరువయ్యాక, ఒక విద్యార్థిని సాయంతో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. మొదటి కేసెట్ రెండో వైపు, నేను ఒక్క ఇంగ్లీషు వాక్యంగా కుదించిన చోటు వచ్చింది. ఆమె అన్నది ఇది:

‘ఒకామెను గడీలకు తోల్కపోయిన్రు. మూడు దినాలు ఉంచిన్రు. మేం బయట చింతచెట్టు కింద కూసున్నం, ఆమె చంటిపోరడు మా దగ్గర్నే ఉండె. లోపట కట్టేసి కొట్టిన్రంట. మూడోనాడు పొద్దుగాల ఎల్లొచ్చింది, నడవరాకపాయె. ఇగ ఆమె ఎవ్వల్తోని మాట్లాడలే.’

మొత్తం ఆరు వాక్యాల్లో ‘అంట’ ఒక్కచోటే ఉంది. గోడ లోపల జరిగిన దానికి. తోలుకుపోవటం ఆమె చూసింది, ‘తోల్కపోయిన్రు’ అంది. మూడు రోజులు బయట కూర్చుంది, ‘కూసున్నం’ అంది. నడవలేకపోవటం చూసింది. లోపల చూడలేదు కాబట్టి, ఎవరో చెప్పగా విన్నది కాబట్టి, అక్కడ మాత్రం ‘అంట’. పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో చూసినదాన్ని యాభై ఏళ్ల తర్వాత, చేతిలో చేట ఆపకుండా, గడీ గోడ ఎక్కడుందో అక్కడే గీత గీసి చెప్పింది. స్టీఫెన్ గారి చట్టానికి ఇంతకన్నా పొందికైన సాక్షి దొరకదు.

నేనేం చేశాను? ఆ ఒక్క ‘అంట’ను అపరెంట్లీ చేసి మొత్తం సంఘటనకు ముందు పెట్టాను. దాంతో తోలుకుపోవటం కూడా అనుమానమే అయింది, మూడు రోజులూ అనుమానమే అయ్యాయి. ‘మేం బయట కూసున్నం’ అన్న వాక్యాన్ని అనవసరమని వదిలేశాను. చింతచెట్టు, చంటిపిల్లవాడు పోయారు. అన్నిటికన్నా ముఖ్యంగా ‘మేం’ పోయింది. లోపలికి పోలేక, ఇంటికి పోలేక, పిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని మూడు రోజులు కాచుకుని ఉన్న ఆడవాళ్లు నా పత్రంలో లేరు. అది ఏ రికార్డులోనూ లేని ప్రతిఘటన. దాన్ని చూసిన మనిషి చెప్పింది, నేను కొట్టేశాను. పెన్సిల్‌తో రాసింది వేరొకరే అయినా చెరిపింది నేనే.

ఆమె ఎవరని మా అమ్మను అడిగాను. అమ్మ కాసేపు ఊరుకుని, ‘మీ నాయినమ్మ పేరు చెప్పలేదు గద. చెప్పందాన్ని నువ్వెందుకడుగుడు?’ అంది. మళ్లీ అడగలేదు. చెప్పకపోవటం కూడా ఒక సాక్ష్యమే. దాన్ని ‘ప్రిజ్యూమబ్లీ’ అంటూ నింపే హక్కు నాకు లేదు.

ఆ పత్రాన్ని మళ్లీ రాస్తున్నాను, ఈసారి రెండు భాషల్లోనూ. ఇంగ్లీషులో ఆ ఆరు వాక్యాలూ ఆరు వాక్యాలుగానే ఉంటాయి. ‘అంట’ దగ్గర, ‘దిస్ పార్ట్ షి హాడ్ ఫ్రమ్ అదర్స్’ అని రాసుకున్నాను. వినటానికి మొరటుగా ఉంది. ప్రచురణకర్తలు మారుస్తామంటే ఒప్పుకోను. పట్వారీ పహాణీ గురించిన వాక్యానికి ముందున్న ఎవిడెంట్లీ తీసేసి, ‘పట్వారీ ఇలా రాశాడు’ అని పెట్టాను. ఎవరు చెబితే రాశాడో కనుక్కోవాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.